అందరి కలల్లోకీ వచ్చాడు

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. ఇక కలలంటారా, వాటి గురించి పాఠం చెప్పడం నా ఉద్యోగం. మణుగూరులో ఒక జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. కథలో కల ఊరికే రాదు, రచయిత పంపిస్తేనే వస్తుంది, ఎవరికి అవసరమో వాళ్లకే వస్తుంది అని ఏటా పిల్లలతో నోట్సు రాయిస్తాను. జీవితంలో కల అంటే మాత్రం రాత్రి తిన్నది అరగకపోవడమే అని చివర్లో ఒక మాట కలుపుతాను. పిల్లలు నవ్వుతారు. ఏటా అదే చోట నవ్వుతారు.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసేది చదివి నన్ను పూనకాల మనిషి కింద జమకట్టకూడదని.

మా ఆయన బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్. రెండేళ్ల కిందట ఎండాకాలంలో, డ్యూటీ లేని రోజున, మధ్యాహ్నం భోంచేసి కూలర్ ముందు పడుకున్నాడు. టీ పెట్టి లేపితే లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.

నేను ఏడవలేదు. అది ధైర్యం కాదు, ఏడుపు రాలేదు. దినాలయ్యేదాకా ఎవరేం చెబితే అది చేశాను. తర్వాత కాలేజీకి వెళ్లాను. అన్నం తింటుంటే రుచి తెలిసేది కాదు. చేయి కాలినా కాసేపటికి గానీ తెలిసేది కాదు. నిద్ర మాత్రం పట్టేది. అదీ కల లేని మొద్దు నిద్ర.

అన్నిటికన్నా భయపెట్టింది ఇంకొకటి. ఆయన గొంతు మర్చిపోయాను. ఫోన్‌లో ఫొటోలున్నాయి గానీ ఆయన మాట ఎక్కడా లేదు. ఎంత ప్రయత్నించినా ఆ గొంతు చెవిలో పడేది కాదు. ఒక్కసారి కలలోకి వచ్చి ఏదో ఒకటి మాట్లాడితే చాలనుకునేదాన్ని. ఆ రోజుల్లో నేను కోరుకున్నది అదొక్కటే.

ఆయన నాకు తప్ప అందరికీ వచ్చాడు.

మొదట మా అత్తమ్మకు. ఆమె దమ్మపేటలో మా మరిది దగ్గర ఉంటుంది. పొద్దున్నే ఫోన్ చేసింది.

"బిడ్డా, తెల్లారగట్ల వచ్చిండే. చింతచిగురు పప్పు అడిగిండు. ఆకలి మీదున్నడు, జల్దీ చేసి పెట్టు."

మా వైపు పోయినవాళ్లు కలలో కనబడి ఏదైనా అడిగితే, అది వండి విస్తట్లో ఆరుబయట పెడతారు. కాకి ముట్టాలి. నాకు నమ్మకం లేదు, కానీ కాదని వాదించే ఓపికా లేదు. వండి పెట్టాను.

తర్వాత గనిలో ఆయనతో పనిచేసిన కుర్రాడు వచ్చాడు. "వదినా, అన్న కలలకొచ్చిండు. నాటుకోడి కూర తినబుద్ధయితుందన్నడు" అని గుమ్మంలో నిలబడ్డాడు. వండాను. కాకికి పెట్టగా మిగిలింది తనే కూర్చుని తినిపోయాడు. ఆ కల మీద నాకు ఇప్పటికీ అనుమానమే.

మా కాలేజీ లైబ్రేరియన్ మేడంను బూరెలు అడిగాడట. ఆయనకు బూరెలు గిట్టవు. అయినా చేశాను. వానాకాలం సగం ఇలా వాళ్లూ వీళ్లూ కన్న కలలకు వంటలు చేయడంతోనే గడిచిపోయింది. "నీకు రాలేదా?" అని ప్రతి ఒక్కరూ అడిగేవాళ్లు. లేదనేదాన్ని. పాపం, ఈమె మీద కోపమేమో అన్నట్టు చూసేవాళ్లు. వాళ్ల చూపుకు నాకు కష్టమైనా కలగాలి కదా. అదీ కలగలేదు.

ఆ ఏడాది కలల పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయాను. పాత కావ్యాల్లో రాకుమారికి కల వస్తుంది, ఆ కల పట్టుకుని చెలికత్తె తిరుగుతుంది. నా కథలో కలలన్నీ చెలికత్తెలకే వస్తున్నాయి అనుకున్నాను. ముందు బెంచీలో అమ్మాయి "తర్వాత ఏందీ మేడం?" అంది. పేజీ తిప్పాను.

ఇక భద్రమ్మ సంగతి. మా దగ్గర వారం వారం సంత జరుగుతుంది. అడవి పల్లెల నుంచి ఆడవాళ్లు చీపుర్లు, కుంకుడుకాయలు, చింతపండు తెచ్చి అమ్ముతారు. చాలాకాలంగా భద్రమ్మ దగ్గరే కొంటాను. నేను బేరమాడుతుంటే మా ఆయన అవతల బండి మీద కూర్చుని హారన్ కొట్టేవాడు. ఆమె ఆయన్ను చూసిందంటే అలా దూరం నుంచి చూడటమే.

ఆయన పోయాక నేను సంతకు వెళ్లలేదు. దసరా ముందు చింతపండు అయిపోతే వెళ్లాను. నేను బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. కాబట్టి నన్ను చూసి ఆమె ఏమీ కనిపెట్టే వీలు లేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

నన్ను చూడగానే భద్రమ్మ విసుక్కుంది.

"ఏంది టీచరమ్మా, మీ సారుకు ఇంట్ల బువ్వ పెడ్తలేవా?"

ఏ సారు అన్నాను.

"గదే, హారన్ కొట్టే సారు. ఊకె నా కలలకొస్తుండు. మాడిన బువ్వ ఉన్నదా అంటడు. మా ఇంట్ల బువ్వ మాడదయ్యా, మీ ఇంటికి పోయి అడుగు అన్న. పోతలేడు. నా నిద్రంత పాడు జేస్తుండు. నువ్వన్న జెర చెప్పు."

నా చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది.

మేం ఈ కిరాయి ఇంట్లో దిగిన మొదటి రోజు, మర్నాటి పాఠం చూసుకుంటూ నేను అన్నం మాడ్చేశాను. కూర కూడా లేదు. ఆయన గిన్నె అడుగు గీకి, ఆ మాడు మీద చక్కెర చల్లి, నాకో ముక్క పెట్టి తనో ముక్క నోట్లో వేసుకున్నాడు. "బిస్కెట్ లెక్కున్నది. మా అమ్మకు చెప్పకు, నిన్ను ఆడుకుంటది" అన్నాడు. అప్పటి నుంచి సెలవు రోజుల్లో అప్పుడప్పుడు కావాలనే మాడ్చుకునేవాళ్లం. ఇంత వయసొచ్చి ఇదేం పని అని నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. పోయినవాళ్లు పప్పు అడగడం విన్నాను, బూరెలు అడగడం విన్నాను. మాడిన అన్నం అడగడం ఎక్కడా వినలేదు.

ఆయన చనిపోయాడని భద్రమ్మకు చెప్పాను. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆమె పక్కావిడతో వాళ్ల భాషలో ఏదో అంది. తర్వాత ఇంకో గుప్పెడు చింతపండు నా సంచిలో వేసి, "పెట్టు మరి. ఇంకెవల్ని అడుగుతడు?" అంది.

ఆదివారం మధ్యాహ్నం అన్నం మాడ్చాను. మంట తగ్గించకుండా పొయ్యి దగ్గరే నిలబడి, వాసన వచ్చాక కట్టేశాను. చక్కెర డబ్బా తీస్తే అడుగున కొంచెం కనబడింది. ఆయన పోయాక టీ మానేశాను, చక్కెర కొనలేదు. గోకితే ఏదో చిటికెడు వచ్చింది. అదే చల్లాను. ఒక ముక్క పెరట్లో పెట్టాను. కాకి వచ్చినట్టు లేదు. ఇంకో ముక్క నేను తిన్నాను. చేదుగా ఉంది. ఆ రాత్రి కూడా కల రాలేదు.

కొనేదేమీ లేకపోయినా మళ్లీ సంతకు వెళ్లాను. భద్రమ్మ చీపుర్లు కట్ట కడుతోంది. నేను అడగకముందే తలెత్తి చెప్పింది.

"వచ్చిండమ్మా. పెట్టింది, తిన్న అన్నడు. చక్కెర తక్కువైందంట."

ఆ మాట అన్నది భద్రమ్మే. నా చెవిలో పడింది మాత్రం ఆయన గొంతు. టీ ఇచ్చినా, పాయసం పెట్టినా ఆయన మొదటి మాట అదే. "చక్కెర తక్కువైందే" అని కాస్త సాగదీసేవాడు. అన్ని నెలలు వెతికినా దొరకని గొంతు, ఆ సాగదీతతో సహా వినబడింది.

ముందు నవ్వొచ్చింది. నవ్వుతూ ఉండగానే ఏడుపొచ్చింది. ఎండాకాలంలో రావాల్సిన ఏడుపు అంతా సంత మధ్యలో వచ్చింది. జనం చూస్తున్నా సిగ్గేయలేదు. భద్రమ్మ చీపుర్లు పక్కకు జరిపి గోనెసంచి మీద చోటిచ్చింది. "ఏడ్వు, ఏడ్వు. నా బేరాలేం పోవు" అంది.

నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. మాడు వాసన పక్కింటికి వెళ్లి ఉండొచ్చు. పక్కింటి నుంచి సంత దాకా మాట పాకి ఉండొచ్చు. కానీ తలుపు వేసుకుని, నాలుగు గోడల మధ్య నేను చల్లిన చక్కెర ఎంతో ఎవరికి తెలుసు? ఫిజిక్స్ చెప్పే సారుకు చెబితే కాకతాళీయం అన్నాడు. నాకూ ఆ మాట అనుకోవాలనే ఉంది. చక్కెర దగ్గరికి వచ్చేసరికి అనుకోలేకపోతున్నాను. అదెలా జరిగిందో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఈ ఏడాది కలల పాఠం చెప్పాను. చివరి మాట మాత్రం కలపలేదు. పిల్లలు నవ్వలేదు.

ఆయన మళ్లీ ఎవరి కలలోకీ రాలేదు. నా కలలోకి మొదటి నుంచీ రానే లేదు. నేను వారం వారం సంతకు వెళ్తాను. దూరం నుంచి నన్ను చూడగానే భద్రమ్మ తల అడ్డంగా ఊపుతుంది. ఆదివారాలు అన్నం మాడుస్తూనే ఉన్నాను. ఇప్పుడు చక్కెర బాగా చల్లుతున్నాను. సరిపోయిందో లేదో చెప్పేవాళ్లే లేరు.