ఆగే అంటే ఎర్లియర్ అనుకున్నాను

నాకు హిందీ రాదని ఎవరైనా అంటే ఊరుకోను. పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టి పెరిగినదాన్ని, పైగా బళ్లో ఇంగ్లీషు చెబుతాను. ఆ రెండూ కలిసే ఓ రోజు నా కొంప ముంచాయి.

మా ఆడపడుచు ఇంకో దీవిలో, హట్ బేలో ఉంటుంది. రెండో కాన్పుకి నొప్పులు మొదలయ్యాయని పొద్దున్నే ఫోనొచ్చింది. "బిడ్డ పుట్టేసరికి నానక్కడుండాల" అని మా అత్త ఒకటే పట్టు. మధ్యాహ్నం ఓడకి గోల్ ఘర్‌లో తెలిసినతను టికెట్లు తీసిపెట్టాడు. కాసేపటికి అతనే ఫోన్ చేశాడు: "దీదీ, జహాజ్ కా టైమ్ దో ఘంటా ఆగే కర్ దియా."

ఆగే అంటే ముందే కదా! "అత్తా, టూ అవర్స్ ఎర్లియర్!" అని కేకేశాను.

"ఎర్లియరంటే ఏటే?"

"రెండు గంటలు ముందే ఎలిపోద్దట, పద పద!"

ఇంక చూడండి మా హడావిడి. సగం ఉడికిన చేపల పులుసుని అలాగే వదిలేసి, స్టవ్ కట్టేసి, మా పేట లంబాలైన్‌లోనే ఆటో ఎక్కాం. ఫీనిక్స్ బే జెట్టీకి చేరేదాకా ఆటో భయ్యాని నేను ఊపిరి పీల్చుకోనివ్వలేదు.

జెట్టీలో ఓడ ఉంది, ఎక్కేవాళ్లే లేరు. టికెట్లతనికి ఫోన్ చేసి విరుచుకుపడ్డాను.

"ఆగే బోలా నా, దీదీ? మత్లబ్ లేట్!"

అప్పుడు వెలిగింది. మన తెలుగులో టైము ముందుకి జరిగితే పని తొందరగా అవుతుంది. హిందీలో ఆగే జరిగితే ఆలస్యమవుతుంది. లేటర్ అనాల్సిన చోట ఎర్లియర్ అన్నాను, టీచరమ్మని!

"నీ ఇంగ్లీసు తగలెయ్య!" అంటూ అత్త సంచి మీద కూలబడింది. "నానెప్పుడెల్తాను? ఈలోగా నా పిల్లకేటైనా అయితే?" కళ్లనిండా నీళ్లు. నాకు భలే జాలేసింది. టీ తెచ్చిచ్చి పక్కనే కూర్చున్నాను.

ఓడ మామూలుగా కదిలే టైము దాటాక మా ఆడపడుచు భర్త ఫోన్ చేశాడు. ఆడపిల్లట, తల్లీ బిడ్డా క్షేమమట. అత్త ఫోను లాక్కుంది. "బాబూ, దాన్నోపాలి ఏడిపించు" అంది. అవతల పసిపిల్ల కెవ్వుమంది.

అత్త ముఖం చూడాలి! నాకూ హుషారొచ్చేసింది. "చూశావా అత్తా, ఓడ లేటవబట్టి సరిపోయింది. లేకపోతే ఈపాటికి నడిసముద్రంలో ఉండేవాళ్లం, అక్కడ సిగ్నలే ఉండదు" అన్నాను.

అత్త ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకుని నా మోకాలి మీద ఒక్కటిచ్చింది.

"ఊరుకోయే! మాయమ్మ ఏడుస్తంది, ఇననీ."