అమ్మ పాట, నా పేరు

మా అమ్మ కోరుట్లలో నలభై ఏళ్లుగా బీడీలు చుడుతోంది. ఇరవై ఐదు బీడీలు ఒక కట్ట. మాటల్లో పడి లెక్క తప్పకుండా ఒకటి నుంచి ఇరవై ఐదు దాకా తనే ఒక పాట కట్టుకుంది. పాట అయిపోతే కట్ట అయిపోయినట్టే. ఆ పాటతోనే అంకెలు నేర్చుకున్న నేను ఇప్పుడు జగిత్యాలలో పిల్లలకు లెక్కలు చెబుతున్నాను.

ఒక సెలవు రోజున ఆ పాటను ఫోన్‌లో రికార్డు చేసి, అందరికీ ఇచ్చేసే పద్ధతిలో ఇంటర్నెట్‌లో పెట్టాను. పెట్టే ముందు షరతులు అమ్మకు చదివి వినిపించాను. ఎవరైనా ఉచితంగా పాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, వ్యాపారానికీ వాడుకోవచ్చు. పాట ఎవరిదో మాత్రం చెప్పాలి. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదు.

"పాడుకోనీ బిడ్డా, అరిగిపోతదా ఏంది? పేరు మాత్రం జెప్పాలె" అంది.

తీరా పేరు రాయాల్సిన చోట నా పేరే రాసేశాను. బీడీల ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇదొక అలవాటు. చుట్టేది ఇంటిల్లిపాదీ అయినా, బీడీల లెక్కా కూలీ రాసే కంపెనీ కార్డు ఒక్కరి పేరునే ఉంటుంది. చిన్నప్పుడు నేను చుట్టినవన్నీ అమ్మ కార్డులోనే పడేవి. ఇప్పుడు ఫోన్ నాది కాబట్టి పేరూ నాదే పెట్టాను. అందులో తప్పుందని తోచనే లేదు.

కొన్ని నెలలకు చందుర్తి నుంచి ఒక టీచరమ్మ వీడియో పంపింది. ఒకటో తరగతి పిల్లలు బీడీల బదులు మామిడికాయలు పెట్టుకుని, గంతులేస్తూ మా పాటే పాడుతున్నారు. నా సంబరం ఇంతా అంతా కాదు. స్టాఫ్‌రూములో అందరికీ చూపించాను, చూసినవాళ్లకే మళ్లీ చూపించాను.

మొన్న సిరిసిల్ల బజారులో ఒక ఆటో మైకులోంచి అమ్మ గొంతు వినిపించింది. ఒళ్లు ఝల్లుమంది. చెప్పులు ఊడిపోతున్నా వెంట పరుగెత్తాను. పాట అయిపోయాక, ఫలానా దుకాణానికి ఇరవై ఐదు రంగుల చీరలు వచ్చాయని మైకు చెప్పింది. ఒక్క మాటైనా అడగకుండా అమ్మ గొంతుతో చీరలమ్ముతారా అని మండిపడుతూ ఆ దుకాణంలోకి దూరాను.

యజమాని నింపాదిగా ఫోన్ తీసి చూపించాడు.

"ఎవలైనా వాడుకోవచ్చని రాసున్నది మేడం. హైదరాబాద్‌కెల్లి పాడెటోళ్లను పిలిచే తాకత్ నాకేడిది? పేరు గూడ జెప్పిస్తున్న. ఇనుండ్రి."

ఆటో మళ్లీ వచ్చింది. చీరల కబురు తర్వాత నా పేరు వినిపించింది. ఆయన షరతు తప్పలేదు. తప్పింది నేనే.

అక్కడి నుంచే అమ్మకు ఫోన్ చేశాను.

"సిరిసిల్ల బజార్ల నా గొంతా?" అని పగలబడి నవ్వింది. వెంటనే, "పేరు జెప్తున్నరా?" అని అడిగింది.

"చెప్తున్నరమ్మా. నా పేరు."

అవతల అమ్మ బీడీ ఆకు కత్తిరిస్తూనే ఉంది.

"గట్లనా. నీ బీడీలు నా కార్డుల పడ్డయి. నా పాట నీ కార్డుల పడ్డది" అంది. తిట్టి ఉంటే బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

దుకాణం మెట్ల మీదే కూర్చుని ఇంటర్నెట్‌లో పేరు మార్చాను. చందుర్తి టీచరమ్మకు రాశాను. యజమాని దగ్గర తప్పు ఒప్పుకుని, మైకులో అమ్మ పేరు చెప్పించమన్నాను. ఇప్పటికే ఎవరెవరి ఫోన్లలోకో వెళ్లిన పాటల వెంట పడలేను. కనిపించిన చోటల్లా దిద్దిస్తున్నాను.

ఆదివారం అమ్మను సిరిసిల్ల తీసుకెళ్లాను. ఆటో వచ్చింది. పాట సాగినంతసేపూ అమ్మ వేళ్లు కొంగు అంచును చుడుతూనే ఉన్నాయి. చీరల కబురయ్యాక, ఈ పాట కట్టింది, పాడింది ఫలానా అని అమ్మ పేరు ఇంటిపేరుతో సహా బజారంతా మోగింది. వేళ్లు ఆగిపోయాయి. ఆటో మూల తిరుగుతుంటే అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"గా ఆటో ఆయనను ఆపు బిడ్డా. ఇంకోపారి తిప్పుమను."