మిల్లింగ్ మిషన్ కింద నాలుగు నిమ్మకాయలు

ఎల్.బి.నగర్‌లోని మా కత్తుల వర్క్‌షాప్‌కి ఇనుము చెక్కే సెకండ్‌హ్యాండ్ సి.ఎన్.సి. మిల్లింగ్ మిషన్ కొన్నాం. తెలంగాణ బంద్‌తో బస్సులు ఆగిపోతే మెకానిక్ నిన్న దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచి వచ్చాడు. మిషన్ ఎటూ వాలకుండా దాని కాళ్ల బోల్టులు తిప్పి తిప్పి, స్పిరిట్ లెవల్‌లో బుడగను మధ్యకు తెచ్చేసరికి సాయంత్రమైంది.

ఈ రోజు నేను భోంచేసి వచ్చి చూస్తే బుడగ ఓ మూలకు పోయి ఉంది. మా దగ్గర ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న యాదగిరి మిషన్‌ను జాకీతో లేపి, నాలుగు కాళ్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి దించేశాడు. రసం నేలమీద పారుతోంది.

"ఏం చేశావయ్యా?" అన్నాను. కోప్పడే ఓపిక కూడా మిగల్లేదు.

"కొత్త బండితోని నిమ్మకాయలు తొక్కిస్తం గద సార్. ఇది కదల్దాయె, అందుకే లేపి దించిన. పాత మిషన్, ఆడ ఎవరి చేతి ఏళ్లు తీస్కున్నదో ఎవరికెర్క?"

యాదగిరి ఎడమచేతికి నాలుగు వేళ్లే. ఐదోది మా సాన మిషన్ దగ్గరే పోయింది. ఆ సానకు మేమెవరమూ నిమ్మకాయ పెట్టలేదు.

రేపు కూడా బంద్. మెకానిక్‌కి ఫోన్ చేసి మళ్లీ నడిచి రమ్మన్నాను. ఎందుకని అడిగితే, "నేల కుంగింది" అని చెప్పాను.

మీరైతే ఏం చెప్పేవారు?