భయం లేదని చెప్పమన్న తరగతి

ఈమధ్య లైనింగ్ గుడ్డ కొందామని కరీంనగర్‌లో ఒక బట్టల దుకాణానికి వెళ్తే, దుకాణదారు నల్లటి తాను విప్పి నా ముందు పరిచాడు. ఉతకని కొత్త గుడ్డకుండే గంజి వాసన ముక్కుకు తగలగానే నేను రెండడుగులు వెనక్కి జరిగాను. తొమ్మిదో తరగతి పరీక్షలైపోయిన వేసవిలో, గోదావరిఖనిలోని మా కాలనీ హాల్లో, అలాంటి గుడ్డతోనే నా కళ్లకు గంతలు కట్టారు.

మా వేసవులంటే బొగ్గుధూళి పడకుండా పాత చీర కప్పి ఆరబెట్టిన మామిడి ఒరుగులు, మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో పేలుళ్లకు వంటింట్లో గలగలమనే గిన్నెలు, వీధిలో తునికిపండ్ల కేకలు, రాత్రి షిఫ్టు చేసొచ్చి పగలు పడుకున్న తండ్రులు ఎక్కడ లేస్తారోనని గుసగుసలతోనే కొట్లాడుకుంటూ ఆడే అష్టాచెమ్మలు. గనిని మేము బాయి అంటాం. మా బాపు బాయిలో బొగ్గు నింపేవాడు. నా స్నేహితురాలు మేరీవాళ్ల నాయన అదే బాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవాడు.

ఆ ఏడు కాలనీ పెద్దలు మా ఈడు పిల్లలకని వ్యక్తిత్వ వికాస తరగతులు పెట్టించారు. హైదరాబాదు నుంచి వచ్చిన సారు అంత ఎండలోనూ టై కట్టుకునేవాడు. రోజూ మా చేత పిడికిళ్లు బిగింపజేసి, "నాకు భయం లేదు" అని అరిపించేవాడు. నేనూ మేరీ పక్కపక్కన నిలబడి గొంతు చించుకునేవాళ్లం. ఆ మాట నా నోట్లోంచి వచ్చేది గానీ భయం మాత్రం పోయేది కాదు.

ఒకరోజు నమ్మకం పెంచే ఆట అన్నాడు. ఒకరికి గంతలు కట్టాలి, ఇంకొకరు మాటతో దారి చూపాలి. "కుడికి జరుగు. కుర్సీ ఉన్నది, పైలం. ఇగ అడుగెయ్యి," అంటూ మేరీ నన్ను నడిపిస్తోంది. గుడ్డ వెనక చీకటి చూస్తూ, బాపు రోజూ దిగేది ఇలాంటి చీకట్లోకేనా అనుకుంటున్నాను. అప్పుడు సైరన్ మోగింది. షిఫ్టు మారే వేళ కాదు. ఆగకుండా మోగుతూనే ఉంది.

మేరీ గొంతు ఆగిపోయింది. కుర్చీలు పడుతున్న చప్పుడు, చెప్పుల పరుగు. "ఎవరూ గంతలు తీయొద్దు! బయటి శబ్దాలు పట్టించుకోవద్దు!" అని సారు అరుస్తున్నాడు. వేళ కాని వేళ సైరన్ మోగితే బాయిలో ప్రమాదమని పాపం, ఆయనకేం తెలుసు. నా వేళ్లకు ముడి దొరకడం లేదు. "మేరీ! మేరీ!" అంటూ చేతులు చాచాను. ఎవరో గుడ్డను లాగేశారు. చూస్తే మేరీయే, ముఖంలో నెత్తురు లేదు.

"బాయి సైరన్ గదనే! ఉర్కు!"

బాయి గేటు ముందు అప్పటికే ఆడవాళ్లు గుంపు కట్టారు. అమ్మ పిండి చేతులతోనే వచ్చేసింది. మా ఇద్దరి తండ్రులూ ఆ షిఫ్టులోనే ఉన్నారు. బండ పడ్డదన్న మాట తప్ప ఎవరూ పేరు చెప్పడం లేదు. నేను మల్లన్నకు మొక్కుతున్నాను, నా చెయ్యి పట్టుకుని మేరీ ప్రార్థన చేస్తోంది. ఎవరో ఒకరి తండ్రి లోపల బండ కింద ఉన్నాడని ఇద్దరికీ తెలుసు. చేతులు వదల్లేదు గానీ, ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం.

చివరికి మనుషులు ఒక్కొక్కరే బయటికొచ్చారు. వాళ్లలో బాపు కనిపించాడు. బాపు మా దగ్గరకు రాలేదు, నేరుగా మేరీ దగ్గరకెళ్లి తల మీద చెయ్యి పెట్టాడు.

"మీ నాయిన పానంతోనే ఉన్నడు బిడ్డా. కాలు మీద పడ్డది. దవాఖానకు తీస్కపోతున్నరు."

ఆయనకు మోకాలి కింద కాలు తీసేశారు. తరగతుల ఆఖరి రోజున మేరీ వచ్చింది. సారు ఆమెను వేదిక మీదకు పిలిచి మైకు అందించి, "నాకు భయం లేదు అని గట్టిగా చెప్పమ్మా," అన్నాడు.

"అట్లనను సార్," అంది మేరీ. "నాకు శాన భయమున్నది. మా నాయిన జాగల ఇగ మా అన్న బాయిల దిగుతడట. భయం లేదంటే అబద్ధమైతది."

సారు టై వదులు చేసుకుని, కిందికి దిగి మా మధ్య జంపఖానా మీద కూర్చున్నాడు. "నాకు తెలియలేదమ్మా. మీరే చెప్పండి," అన్నాడు మెల్లగా. వాళ్ల బాపు సైకిల్ బెల్లు వినబడేదాకా అన్నం ముద్ద దిగదన్నాడొకడు. సైరన్ కంటే అది ఆగాక వచ్చే నిశ్శబ్దమే భయమన్నాను నేను. ఇళ్లలో ఎవరం పైకి అనని మాటలు అవి. అనేశాక భయం తగ్గలేదు, కానీ దాన్ని ఒక్కదాన్నే మోస్తున్నానన్న బాధ తగ్గింది.

మేరీ నర్సు కోర్సు చదివింది. వాళ్లన్న ఇప్పుడు వేరే ఊరి బాయిలో చేస్తున్నాడు. మేము పరుగెత్తిన ఆ బాయి మూతపడింది, దాని నోటికి గోడ కట్టేశారు. హాలును కూల్చేశారు. సగం క్వార్టర్లు ఖాళీ, గోడల్లో రావి మొక్కలు. ఆ సైరన్ విని ఏళ్లు గడిచాయి.

బాపు రిటైరయ్యాడు. మొన్న నేను ఇంటికి వెళ్లినప్పుడు పాలప్యాకెట్ కోసం వీధి చివరికి వెళ్లాడు. అమ్మ పొయ్యి మీది కూర దించేసి, వాకిట్లోకొచ్చి నిలబడింది.

"పాలకే గదమ్మా పోయింది," అన్నాను.

"ఎరుకే బిడ్డా," అంది, రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా.