కచ్చేరి గదిలో ఇంగ్లీషు

మా ముత్తాత శిస్తు వసూలు చేసే మాలీ పటేల్, తాత పోలీస్ పటేల్. పాశమైలారం పక్కన మా ఊరి శిస్తంతా మా ఇంటి కచ్చేరి గదిలోనే జమయ్యేది. నేను సర్కారు బడిలో ఇంగ్లీషు పంతులును. జీతం తీసుకున్నానే గాని ఎవరి ముందూ వంగి నిలబడలేదు.

బడిని ఇంగ్లీషు మీడియం చేశాక పదో తరగతి పిల్లలకు లెక్కలు, సాంఘికం కూడా అందకుండా పోయాయి. పొద్దున బడికి ముందు గంటసేపు విడిగా చెబుదామనుకున్నాను. బడిలో ఖాళీ గది లేదు; వరండా నిండా మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు. మా కచ్చేరి గది తెరిపించాను.

పన్నెండు మంది వచ్చారు. వాళ్లలో ఒక అమ్మాయి తల్లి మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది. కూతురు పది తప్పితే తన వెంట పనికి తీసుకుపోతానని ముందే చెప్పింది. ఆ అమ్మాయికి గండం ఇంగ్లీషు ఒక్కటే. అందుకే ముందు వరసలో కూర్చోబెట్టాను.

"సమజైందా?" అంటే అందరూ "ఎస్ సార్" అనేవారు. ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదు. బడిలో గోల చేసే పిల్లలు ఇక్కడ ఇంత బుద్ధిగా ఉండడం మా గది గొప్పతనమనుకున్నాను. ఒకరోజు గేటు దగ్గర చెప్పులు తొడుక్కుంటూ ఇద్దరు అమ్మాయిలు మాట్లాడుకోవడం విన్నాను.

"ఏం సమజైందే నీకు?"

"సార్‌కు సమజైంది గద, సాలు."

చిలిపితనమని నవ్వుకున్నాను.

ముందు వరసలో కూర్చోబెట్టిన అమ్మాయి పదిలో ఇంగ్లీషు తప్పింది. వాళ్ల ఇంటికి వెళ్లి, సప్లిమెంటరీకి మళ్లీ చెబుతానన్నాను. తల్లి నిలబడే మాట్లాడింది.

"పటేలా, గా గదిల మా అయ్య ఎన్నడు కూసోలె. గడప కాడ నిలబడి తల ఊపేటోడు. పిల్లకు గదే చెప్పి పంపిన. తెల్వదంటే పటేల్‌కు ఎదురు చెప్పినట్టయితది, అనకని."

"నన్ను అడగాల్సింది కదమ్మా."

"మిమ్ములను అడుగుడు మాకెవరు నేర్పిండ్రు? ఇగ వద్దు. సోమారం నుంచి నా ఎంబడి వస్తది. కంపెనీల పేరు రాపిచ్చిన."

వెనకాల గిన్నెలు తోముతున్న అమ్మాయి నన్ను చూసి లేచి నిలబడింది.

మరుసటి ఏడు బియ్యం బస్తాలు ఒక పక్కకు జరిపించి, క్లాసును బడి వరండాలోకే మార్చాను. పిల్లల పక్కన కింద కూర్చుని, వాళ్ల మాటల్లో అడిగి, ఇంగ్లీషులో మాట్లాడించడానికి మా ఊళ్లో కాలేజీ చదివే ఒక అమ్మాయిని పెట్టాను. ఆమెకు నెలనెలా ఇవ్వడానికి మా ఇంట్లో మిగిలిన రెండు ఇత్తడి గంగాళాలు పటాన్‌చెరులో అమ్మాను.