కాగితంలో లేని గొర్రెలు

మా వీధిలో ఎవరింటికి ఇంగ్లీషు కాగితం వచ్చినా నా దగ్గరికే తెస్తారు. నిన్న వాషింగ్ మెషీన్ గ్యారంటీ కార్డు. మొన్న దోమల మందు డబ్బా. చదివిపెట్టడం కష్టమేమీ కాదు. నేను ఏది చెబితే దానికల్లా తలూపుతారు చూడండి, అది భరించడం కష్టం. ఒక్కరైనా అనుమానించరు. చదువుకున్నవాణ్ని అంతగా నమ్మొద్దని ఆ డబ్బా మీదే ఓ మూల అచ్చు వేయిస్తే బాగుండు.

ఆరేళ్లుగా ఒక కాగితాన్ని మోస్తున్నాను. ఒకటే పేజీ. దానికి ఇంత బరువు ఎక్కడిదో నాకే అర్థం కాదు. మీకు నేనెవరో తెలియదు, మీరెవరో నాకు తెలియదు. చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి మనిషి దొరకడు.

కోస్గి దగ్గర ఊరు మాది. గొర్రెలు కాసే ఇల్లు. మంద పెదనాయినది, డిగ్రీ నాది. ఆలేరు నుంచి నాకొక సంబంధం వచ్చింది. అమ్మాయి నాకు నచ్చింది. నేనూ ఆమెకు నచ్చానని విన్నాను. నా జీవితంలో అలాంటి వార్తలు ఎక్కువ లేవు. పిల్ల తండ్రి మా ఊరికి ఆరా తీయడానికి వస్తే, పెదనాయిన చాయ్ తాగించి ఒక్క మాటన్నాడు.

"పోరడు బంగారం. గా ఫిట్స్ ఒక్కటే."

నాకు ఫిట్స్ లేవు. పదో తరగతిలో ఒకసారి ఎండకు కళ్లు తిరిగి పడ్డాను, అంతే. రెండు నెలలు తిరగకుండా ఆ అమ్మాయిని పెదనాయిన తన బామ్మర్ది కొడుక్కి ఇచ్చి పెళ్లి చేయించాడు. ఆ పెళ్లిలో పెరుగు వడ్డించింది నేనే. బాగా వడ్డించానని పేరు కూడా వచ్చింది.

మరుసటి ఏడు పెదనాయిన కాలిలో తుమ్మ ముల్లు విరిగింది. మంద వెంట తిరిగేవాడికి ముల్లు గుచ్చుకోవడం వార్త కాదు గనుక ఎవరూ పట్టించుకోలేదు. చీము ఎముక దాకా పోయింది. పట్నం దవాఖానలో కోసి శుభ్రం చేశారు. ఆరు వారాలు, పొద్దునొకసారి సాయంత్రమొకసారి, నరంలోకి మందు ఎక్కాలన్నారు. దానికోసం దవాఖానలో పడి ఉండక్కర్లేదు, ఇంట్లోనే ఎక్కించుకోవచ్చట. దండచేతికి సన్నని గొట్టం ఒకటి పెట్టారు. ఎక్కించడం ఎవరు నేర్చుకుంటారని సిస్టరమ్మ అడిగితే అందరూ నా వైపు చూశారు.

నేను శ్రద్ధగా నేర్చుకున్నాను. చేతులు మోచేతుల దాకా కడుక్కునేవాణ్ని. గొట్టం మూతిని స్పిరిట్‌తో తుడిచి, ఆరేదాకా ఆగేవాణ్ని. ఆయన గొర్రెలు తోలే కట్టెనే దూలానికి అడ్డంగా కట్టి, దానికి సీసా వేలాడదీసేవాణ్ని. "సలి పాకుతాంది రా చేతిల," అనేవాడు పెదనాయిన, చుక్క పడ్డప్పుడల్లా దాన్నే చూస్తూ. ఆరు వారాల్లో ఒక్క పూట తప్పలేదు. ఆయన బతకాలని ఊళ్లో అందరికంటే గట్టిగా కోరుకున్నవాణ్ని నేనే. పోయినవాడికి తనకేం పోయిందో తెలియదు కదా.

ఇంటికి తెచ్చిన మొదటి సాయంత్రమే పెద్దమ్మ పత్యం సంగతి అడిగింది. మా దగ్గర పత్యం లేని మందు మందే కాదు. ఏదో ఒకటి మానితేనే రోగం నయమైనట్టు. దవాఖాన కాగితంలో పత్యం లేదు. కట్టు తడవనీయొద్దు, జ్వరమొస్తే తీసుకురండి, అంతే. నేను కాగితం విప్పాను. అప్పుడే కూలిమనిషి మందను దొడ్లోకి తోలుతున్నాడు. పెదనాయిన మంచం మీద నుంచే ఒక్కోదాన్ని పేరు పెట్టి పిలుస్తున్నాడు. అవి చెవులు ఆడిస్తున్నాయి.

"వంకాయ వద్దన్నరా కొడుకా?"

"వంకాయ తినొచ్చు పెద్దమ్మ. గొర్లే వద్దట. గొర్ల దగ్గరికి వోతే గా పురుగు మళ్ల కాలి బొక్కలకు వోతదట."

"ఎన్ని దినాలు?"

ఇక్కడ నేను ఆగి ఉండాల్సింది. ఆరు వారాలు అనే మాట నాలుక మీదికి వచ్చింది కూడా. అదే అని ఉంటే మంద కొన్నాళ్లు వేరే దొడ్లో ఉండి తిరిగొచ్చేది, నేను చేసింది చిల్లర అల్లరిగా మిగిలేది. మరి ఎందుకు అనలేదు? కోపంలో అన్నానా? లేదు, ఆ క్షణంలో నేను చాలా ప్రశాంతంగా ఉన్నాను. లేని వాక్యం కింద వేలు పెట్టి, రెండోసారి చదివినట్టు పెదవులు కదిపాను.

"ఇగ ఎప్పటికి వద్దట."

పెదనాయిన పిలవడం ఆపాడు.

వారం లోపల కొడంగల్ దిక్కు నుంచి ఎవరో వచ్చి మందను కొని తోలుకుపోయారు. అప్పటికి సీసా సగంలో ఉంది. ఆయన లేవబోతే భుజం పట్టి పడుకోబెట్టాను. గొట్టం ఊడుతుందన్నాను. ఆ ఒక్కటి అబద్ధం కాదు. గొర్రెల మెడగంటల చప్పుడు వాగు దాటేదాకా చుక్క చుక్కకీ ఆలేరును తలుచుకున్నాను. నా పెళ్లినాడు కూడా అంత హాయి నాకు తెలియదు.

చివరిసారి చూపించడానికి వెళ్తే గొట్టం తీసేశారు. డాక్టరు తమిళాయన. రోగి తన పనులన్నీ మునుపటిలాగే చేసుకోవచ్చని ఇంగ్లీషులో చెప్పాడు. పెదనాయిన నా మొహం చూశాడు. "జాగ్రత్తగుండుమంటుండు," అని తెలుగు చేశాను.

కాలు బాగైంది. నా వైద్యంలో లోపం లేదు. తర్వాత నాకూ పెళ్లయింది, మంచి మనిషి దొరికింది. అంటే నాకు నష్టమేమీ లేదన్నమాట. మరి నేను దేనికి పగ తీర్చుకున్నట్టు? పశ్చాత్తాపపడ్డానని రాయాలి ఇక్కడ. పడాల్సినంత పడలేదు. ఊరికి వెళ్లినప్పుడల్లా ఒకటి చూస్తుంటాను: పొద్దుగూకే వేళ పెదనాయిన ఖాళీ దొడ్డి ముందు ముళ్లకంప పక్కకు లాగుతాడు. కాసేపు నిలబడతాడు. మళ్లీ అడ్డం పెడతాడు. మొదటి రెండేళ్లు అది చూస్తే నాకు బాగానే ఉండేది.

పోయిన నెల ఆ కంప దగ్గరే చెప్పేశాను. "గా కాయితంల గొర్ల మాటే లేదు పెదనాయిన. నేనే కలిపిన."

చెప్పాక నాకు గుండెల్లో గాలాడింది. ఆయన కంప వదిలి, అరచేతిలో విరిగిన ముల్లు పీక్కున్నాడు.

"ఆలేరు పిల్ల కోసమా?"

"ఆఁ."

"పగ నామీదనాయె. గొర్లేం జేసినయ్ రా నీకు?"