చైత్ర పరుగు, అంజనమ్మ ప్రశ్నలు

గర్భిణిని దేవత అని పిలిచే ఇళ్లలో ఒక చిక్కుంది. దేవతను పీట మీద కూర్చోబెడతారు, దండ వేస్తారు, కదలనివ్వరు. రాయకోట దగ్గర గులాబీలు పండించే ఇంటి కోడలు చైత్రకు ఎనిమిదో నెలలో ఎదురైన కష్టం ఇదే. ఆమెకు పీట వద్దు. తెల్లవారగానే తారురోడ్డు కావాలి.

బడిలో చదివేటప్పటి నుంచి ఆమె పరిగెత్తుతోంది. కృష్ణగిరిలో జిల్లా పోటీలకు వెళ్లి పతకం తెచ్చుకుంది. పెళ్లయ్యాక ఆ పతకం పూజగదిలో చేరింది గానీ బూట్లు మాత్రం గడప దగ్గరే ఉన్నాయి. పొద్దున పరిగెత్తి వచ్చి, పూల పెట్టెలు హోసూరుకు పంపి, అప్పుడు స్నానం. కడుపుతో ఉన్నాక వేగం తగ్గించింది, మానలేదు. హోసూరు డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి, అలవాటున్న పనే కాబట్టి మెల్లగా పరిగెత్తవచ్చంది. నొప్పి గానీ కళ్లు తిరగడం గానీ ఉండకూడదు. పరిగెత్తుతూ మాట్లాడగలగాలి. మాట తెగితే ఆగిపోవాలి.

అత్త అంజనమ్మకు ఇది వైద్యంలా వినిపించలేదు. సీమంతంలో కోడలికి మోచేతుల దాకా గాజులు వేయించింది ఆమే. అవి గలగలమంటూ రోడ్డెక్కితే ఊరంతా లేస్తుంది.

"కడుపులో బిడ్డ కుండలో నీళ్ల మాదిరి తొణకదా?" అని కొడుకు గోకుల్‌ను అడిగింది.

"డాక్టరమ్మ చెప్పింది కదమ్మా." గోకుల్‌కు కంపెనీ బస్సు టైమైంది.

"డాక్టరమ్మ పరిగెత్తిందా, ఎనిమిదో నెలలో?"

గోకుల్ బస్సుకు పరిగెత్తాడు. అంజనమ్మ ఊత్తంగరైకి ఫోన్ చేసి, శుక్రవారం వచ్చి కూతురిని పురిటికి తీసుకుపొమ్మని చైత్ర తల్లికి చెప్పేసింది. అక్కడికి పోతే మంచం దిగనివ్వరని అంజనమ్మకు తెలుసు. చైత్రకూ తెలుసు. పరుగు శుక్రవారం దాకానే.

సోమవారం పొద్దున వరదప్ప టొమాటోల టెంపో నడుపుకుంటూ మార్కెట్టుకు పోతున్నాడు. నిండు కడుపుతో, చేతుల నిండా గాజులతో, ఒక్కతే పరిగెత్తి వస్తున్న ఆడమనిషి ఎదురైంది. ఈ దృశ్యానికి మన దేశంలో ఒకటే అర్థం. బ్రేకు వేశాడు.

"ఎవురమ్మా తరుముతాండేది? ఎక్కు, మీ అమ్మగారింట్లో దించుతాను."

"ఎవురూ లేరన్నా. ఊరికే, సుమ్మనే పరిగెత్తుతాండాను."

"సుమ్మనే ఎవురన్నా పరిగెత్తుతారా? భయపడొద్దు, చెప్పు. మొగుడు తాగినాడా?"

టీ కొట్టు ముందున్నవాళ్లు గ్లాసులతోనే వచ్చేశారు. బూట్లు చూసి, "పాపం, చేతికి దొరికింది తొడుక్కొని వచ్చేసినట్లుంది" అని ఒకాయన జాలిపడ్డాడు. ఇంకొకాయన అంబులెన్సుకు ఫోన్ చేయబోయాడు. నడిరోడ్డు మీద దయ ఇంత సులభంగా దొరుకుతుంది, నమ్మకమే దొరకదు. అంతలో, కోడలు ఇంకా రాలేదేమని వెతుక్కుంటూ అంజనమ్మ వచ్చింది. "మా అత్త వస్తాంది" అంది చైత్ర. అందరూ అటు తిరిగారు.

"నువ్వేనా అత్త?" అన్నాడు వరదప్ప. "ఈ బిడ్డ ఇట్లా రోడ్డున పడి పరిగెత్తేంతగా ఏం చేసినావమ్మా?"

అంజనమ్మ ఒకసారి జనాన్ని చూసింది, ఒకసారి కోడలిని చూసింది.

"నేనే పరిగెత్తమన్నాను," అంది. "డాక్టరమ్మ చెప్పింది. మీ ఇండ్లల్లో మంచాన పడేస్తారేమో, మేమట్లా కాదు."

"నిజమా?"

"మాట్లాడించి చూడు. ఆయాసం ఉంటే అడుగు నన్ను."

వరదప్ప చైత్ర వైపు తిరిగాడు. "పొద్దున ఏం తిన్నావమ్మా?"

"రాత్రి సంగటి మిగిలింటే మజ్జిగలో పిసుక్కొని తాగినానన్నా." మాట ఎక్కడా తెగలేదు.

అతను అంజనమ్మ కొంగులో టొమాటోలు పోసి వెళ్లిపోయాడు.

నలుగురిలో అన్న మాట వెనక్కి తీసుకోవడం అంజనమ్మకు చేతకాదు. మరునాడు టీ కొట్టువాళ్లు చూస్తుండగా నీళ్ల సీసా పట్టుకొని కల్వర్టు గోడ మీద కూర్చుంది. కోడలు దాటిపోయిన ప్రతిసారీ ఒక ప్రశ్న.

"పప్పులోకి ఏం ఆకు వేయల్ల?"

"చెంచలాకు, అత్తా."

"మీ మామ కళ్లద్దాలు యాడ పెట్టినాడు?"

"ఫ్రిజ్జి మీద."

గురువారం ప్రశ్న మారింది. "నిన్నటికన్నా మెల్లగా పోతాండావే. రాత్రి నిద్ర పట్టలేదా?"

"బిడ్డ తన్నతా ఉండె, అత్తా."

"అయితే చాలు, రా. నడిచి పోదాం."

శుక్రవారం తల్లి రానే వచ్చింది. అంజనమ్మ కోడలి సంచి సర్దుతూ అడిగింది. "మీ ఊళ్లో మిట్టపల్లం లేని రోడ్డు ఉందా, వదినా?"

"ఎందుకు?"

"ఈ బిడ్డ పొద్దున్నే పరిగెత్తల్ల."

"ఈ నెలలోనా? చూసినోళ్లు ఏమనుకుంటారు వదినా?"

"అనుకోనీ. నీవు పక్కన కూర్చోని మాట్లాడిస్తా ఉండు. బదులు వస్తే పోనీ. రాకపోతే నిలిపేయ్." ఇంకో చీర మడిచి సంచిలో పెడుతూ మళ్లీ అంది. "పప్పు సంగతి మాత్రం అడగొద్దు. ఒక్క మాటలో చెప్పేసి పోతుంది. పెండ్లికి ఎవురెవురు వచ్చినారు, అట్లాంటిది అడుగు."

బూట్లు చీరల కింద కాకుండా పైనే పెట్టి, జిప్పు వేసింది.